సతోమి కుర్చీ, మన మెట్లు

2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. ఆ వారం సింధు గెలిచిన సంగతి తెలుగు ఇళ్ళలో ఎవరికీ గుర్తు చేయనక్కర లేదు. జపాన్ అమ్మాయి ఒకుహరాను 21-7, 21-7తో ఓడించిన ఆ ఫైనల్‌ను బళ్ళారిలో, షోలాపూర్‌లో, బరంపురంలో, యానాంలో మనవాళ్ళు టీవీల ముందు గుమిగూడి చూశారు. అదే ఊళ్ళో, అదే వారంలో పారా బ్యాడ్మింటన్ ప్రపంచ పోటీలు కూడా జరిగాయి. వాటిలో కృత్రిమ కాలుతో ఆడే మానసి జోషి స్వర్ణం గెలిచింది. ఆమె కూడా హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో సాధన చేసిన అమ్మాయే. సింధు వార్త ఆ రాత్రికే ఇంటింటికీ చేరితే, మానసి పేరు మన చెవిన పడడానికి రోజులు పట్టింది. మూడో ఆమె పేరు మాత్రం మనలో చాలామంది ఇప్పటికీ విని ఉండరు. సరినా సతోమి. ఊరు జపాన్‌లోని చిబా ప్రాంతం. చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే డబ్ల్యూహెచ్1 విభాగంలో ఆ వారమే ప్రపంచ విజేత అయింది.

ఆమె గురించి రాయాలని మేము అనుకున్నది ఆమెను మెచ్చుకోవడానికి కాదు. ఆమెకు మా మెచ్చుకోలుతో పనిలేదు. ఆమె జీవితంలోని తేదీలను ఒక వరుసలో పెట్టి చూసినప్పుడు మనసులో ఒక ప్రశ్న పుట్టింది. అది మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు కాబట్టి రాస్తున్నాం.

ఆ తేదీలు ఇవి. సతోమి 1998లో పుట్టింది. చిన్న తరగతుల్లో మామూలుగా నిలబడే బ్యాడ్మింటన్ ఆడింది. 2016 మేలో, హైస్కూలు చివరి ఏడాదిలో, రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. 2017లో కుర్చీలో కూర్చుని మళ్ళీ రాకెట్ పట్టింది. 2019లో బాసెల్‌లో ప్రపంచ విజేత. 2021లో టోక్యో పారాలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం, యుమా యమజాకితో కలిసి డబుల్స్ స్వర్ణం. 2024లో పారిస్‌లో మళ్ళీ సింగిల్స్ స్వర్ణం, డబుల్స్‌లో కాంస్యం. ప్రమాదానికీ మళ్ళీ రాకెట్ పట్టడానికీ మధ్య ఉన్నది దాదాపు ఒక్క ఏడాది. ప్రమాదం నుంచి ప్రపంచ విజేత కావడానికి మూడేళ్ళు.

మనకు తెలిసిన వాళ్ళలో వెన్నుపూసకు దెబ్బ తగిలిన వాళ్ళను ఒక్కసారి తలచుకోండి. సెంట్రింగ్ కర్ర మీద నుంచి పడిన మేస్త్రి, తాటిచెట్టు మీద నుంచి జారిన గీత కార్మికుడు, కొబ్బరి దింపులకు ఎక్కి పడినవాడు, బండి మీద నుంచి ఎగిరి పడిన కుర్రాడు. దెబ్బ తగిలిన ఏడాదికి వాళ్ళు ఎక్కడున్నారు? మూడేళ్ళకు ఎక్కడున్నారు?

మాకు తెలిసిన ఒక తమ్ముడున్నాడు. పేరు రాయడం లేదు. మూడో అంతస్తులో పని చేస్తూ పడ్డాడు. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, కుట్లు విప్పి, ఇంటికి పంపేశారు. ఒంటికి పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలో, మూత్రం గొట్టాన్ని ఎలా శుభ్రం చేసుకోవాలో, మంచం మీద నుంచి కుర్చీలోకి తనంతట తాను ఎలా జరగాలో ఎవరూ నేర్పలేదు. నాలుగు నెలలకు పిరుదుల మీద పుండు లోతుకు పోయింది. ఆ తర్వాత ఒక శిబిరంలో అతనికి ఉచితంగా చక్రాల కుర్చీ ఇచ్చారు, దండ వేసి, ఫోటో తీసి. ఆ కుర్చీ వాళ్ళ ఇంటి గుమ్మంలో పట్టదు. ఇప్పుడది వసారాలో ఉంది, దాని మీద బట్టలు ఆరేస్తున్నారు. అతను లోపల మంచం మీద ఉన్నాడు. అతను ఎనిమిదో తరగతి వరకు కబడ్డీలో స్కూలు జట్టు కెప్టెన్.

సతోమికీ ఈ తమ్ముడికీ మధ్య తేడా ధైర్యంలో ఉందని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

ముందు ఈ ఆట ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. చాలామంది దీన్ని బ్యాడ్మింటన్‌కు ఒక మెత్తటి రూపమనుకుంటారు. కుర్చీ సింగిల్స్‌లో కోర్టును నిలువునా సగం చేస్తారు. వెడల్పు 3.05 మీటర్లు. నెట్‌కు దగ్గరగా, సర్వీసు గీతకు ఇవతల 1.98 మీటర్ల మేర షటిల్ పడితే అవుట్. అంటే ఆడే చోటు ముందు నుంచి వెనక్కి నాలుగున్నర మీటర్లకు కాస్త ఎక్కువ. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ నిలబడి ఆడేవాళ్ళు పక్కకు ఒక అడుగు వేసి అందుకునే షటిల్‌ను కుర్చీలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగి అందుకోలేరు. చక్రాలు పక్కకు తిరగవు. ముందుకో వెనక్కో వెళ్ళాలి, లేదా మొత్తం కుర్చీని తిప్పాలి. అందుకే ఈ ఆట ప్రాణమంతా ముందు వెనకల్లో ఉంటుంది. ఎదుటి మనిషిని పొడవాటి షాట్‌తో వెనక గీత దాకా తోలి, మరుక్షణం సర్వీసు గీత దాటీ దాటకుండా షటిల్‌ను జార విడుస్తారు. వెనక్కి పోతున్న కుర్చీని రెండు చేతులతో ఆపి, ముందుకు తోసి, మళ్ళీ రాకెట్ ఎత్తాలి. ఆ తోసే చేతుల్లో ఒకదానిలో రాకెట్ ఉంటుందని మరిచిపోకండి. రాకెట్ పట్టుకున్న వేళ్ళతోనే చక్రాన్ని తోస్తారు.

దెబ్బ కొట్టేటప్పుడు మొండెం కుర్చీ సీటును వదలకూడదు, పాదాలు కింది పలక మీద నుంచి లేవకూడదు. నడుముకూ తొడలకూ పట్టీలు బిగిస్తారు. కుర్చీ వెనక ఒక చిన్న చక్రం ఉంటుంది, వెనక్కి వాలినప్పుడు బోర్లా పడకుండా. ఇందులో రెండు తరగతులు. డబ్ల్యూహెచ్2 వాళ్ళకు కాళ్ళలోనే లోపం, నడుము గట్టిగా ఉంటుంది, వెనక్కి విల్లులా వంగి షటిల్‌ను అందుకుని మళ్ళీ లేవగలరు. సతోమి ఆడేది డబ్ల్యూహెచ్1. ఇక్కడ కాళ్ళతో పాటు మొండెం మీద కూడా పట్టు తక్కువ. ఒక పక్కకు చాచి కొట్టాక మళ్ళీ నిటారుగా కావడానికి రెండో చేత్తో చక్రాన్ని పట్టుకుని లాక్కోవాలి. ఆ లాక్కునే అరక్షణమే ఎదుటివాళ్ళకు అవకాశం. డబుల్స్‌లో జంట అంకెలు కలిపితే మూడు దాటకూడదు. ఇద్దరూ నడుము బలం ఉన్నవాళ్ళే చేరి గెలిచేయడానికి వీల్లేదు. ఎక్కువ లోపం ఉన్న మనిషి తప్పనిసరిగా జట్టులో ఉండాలి. మాకు ఈ నిబంధన చాలా నచ్చింది. ఊరికే చెబుతున్నాం.

టోక్యోలోనూ పారిస్‌లోనూ సింగిల్స్ ఫైనల్లో సతోమికి ఎదురు వచ్చింది ఒకే మనిషి, థాయ్‌లాండ్‌కు చెందిన సుజిరత్ పుక్కం. సతోమి కంటే పన్నెండేళ్ళ దాకా పెద్దది. రెండుసార్లూ మొదటి గేమ్ సుజిరత్‌దే. రెండుసార్లూ సతోమి వెనకబడి, మూడో గేమ్ దాకా లాగి గెలిచింది. ఎదుటి మనిషి షాట్లన్నీ తెలిసిన ఇద్దరు, ఓపికతో ఒకరి చేతులను ఒకరు అలసిపోయేలా చేసుకునే ఆట అది. చూడడానికి చదరంగంలా ఉంటుంది, ఆడేవాళ్ళ భుజాలకు మాత్రం కుస్తీ. కాళ్ళూ చేతులూ రెండింటి పనీ భుజాలే చేస్తాయి. ఆట అయ్యాక ఇంటికి వెళ్ళి, మంచం ఎక్కడానికీ స్నానానికీ మళ్ళీ ఆ భుజాలే కావాలి.

ఇప్పుడు మన దేశం సంగతికి వద్దాం. పారా బ్యాడ్మింటన్ పారాలింపిక్స్‌లోకి వచ్చిందే టోక్యోలో. అప్పుడు భారతదేశానికి అందులో నాలుగు పతకాలు వచ్చాయి. ఒడిశాలో పెరిగిన ప్రమోద్ భగత్‌కూ, కృష్ణ నాగర్‌కూ స్వర్ణాలు, మన కర్ణాటకలోని హాసన్‌లో పుట్టిన సుహాస్ యతిరాజ్‌కు రజతం, మనోజ్ సర్కార్‌కు కాంస్యం. పారిస్‌లో ఐదు. నితేశ్ కుమార్‌కు స్వర్ణం, సుహాస్‌కు మళ్ళీ రజతం, తమిళనాడు అమ్మాయిలు తులసిమతికి రజతం, మనీషా రామదాస్‌కూ నిత్యశ్రీకీ కాంస్యాలు. నిత్యశ్రీది హోసూరు. హోసూరులో సగం బజారు తెలుగే మాట్లాడుతుంది కాబట్టి ఆ రోజు మనవాళ్ళు కూడా మిఠాయిలు పంచుకున్నా తప్పులేదు.

ఈ పతకాలన్నీ నిలబడి ఆడేవాళ్ళవి. చేయి లోపం ఉన్నవాళ్ళు, కాలు లోపం ఉన్నా నిలబడగలిగిన వాళ్ళు, పొట్టిగా పుట్టినవాళ్ళు. వాళ్ళ పతకాల విలువ ఒక్క వీసం కూడా తగ్గించడం మా ఉద్దేశం కాదు. కానీ చక్రాల కుర్చీలో ఆడే భారతీయులు ఆ రెండు పారాలింపిక్స్ బ్యాడ్మింటన్ జట్లలోనూ ఒక్కరూ లేరు. ప్రేమ్ కుమార్ అలే, అబూ హుబైదా లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి అంతర్జాతీయ టోర్నీలు ఆడుతూనే ఉన్నారు. పారాలింపిక్స్ తలుపు మాత్రం తెరుచుకోలేదు. బ్యాడ్మింటన్‌లో ఇంత బలమైన దేశానికి కుర్చీలో ఆడేవాళ్ళు ఎందుకు దొరకలేదు? ఇదే మమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న.

మాకు తోచిన జవాబు చెబుతాం. చేయి లోపం ఉన్న పిల్ల ఊళ్ళో ఏ కోర్టుకైనా వెళ్ళి ఆడగలదు. బస్సు ఎక్కగలదు, మెట్లు ఎక్కగలదు, హాస్టల్లో ఉండగలదు. ఆమె దారిలో ఉన్న పెద్ద అడ్డంకి మనుషుల చిన్నచూపు. దాన్ని ఒక మంచి గురువు, మొండి తల్లిదండ్రులు కలిసి జయించవచ్చు, జయించారు కూడా. కుర్చీలో ఉన్న పిల్లకు ఒక గురువు చాలడు. ముందు వెన్నుపాముకు దెబ్బ తగిలాక బతికి బయటపడాలి. ఆ తర్వాత నెలల తరబడి శిక్షణ కావాలి. కొలతలు తీసి చేయించిన కుర్చీ కావాలి. ఆటకు వేరే కుర్చీ, దాని ధర లక్షల్లో. ఇంటి గుమ్మం దాటాలి, వీధి దాటాలి, బస్సు ఎక్కాలి, స్టేడియంలోకి వెళ్ళాలి, అక్కడ మరుగుదొడ్డి తలుపు వెడల్పుగా ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఆట లేదు. ఆడపిల్లయితే మరుగుదొడ్డి దగ్గరే కథ ముగుస్తుంది. నిలబడి ఆడే మనిషి గెలవడానికి మనిషి మారితే చాలు. కుర్చీలో ఆడే మనిషి గెలవాలంటే ఊరు మారాలి. మన పతకాల పట్టికలోని ఆ ఖాళీ ఆ ఊరి గురించి చెబుతోంది.

జపాన్‌లో ఊరు మారడం దానంతట అది జరగలేదు. నకమురా యుతక అనే ఎముకల వైద్యుడు 1960లో ఇంగ్లండు వెళ్ళి, స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మాన్ వెన్నుపాము రోగులకు ఆటలే మందుగా వాడడం చూశాడు. తిరిగి వచ్చి తన ఒయిత ప్రాంతంలో అదే మొదలుపెడితే, వికలాంగులను నలుగురిలో ప్రదర్శనకు పెడుతున్నావని తిట్టారు. 1964లో టోక్యో పారాలింపిక్స్‌కు జపాన్ నుంచి 53 మంది దిగారు. వాళ్ళలో చాలామంది ఆసుపత్రుల నుంచీ శరణాలయాల నుంచీ వచ్చినవాళ్ళు. విదేశీ ఆటగాళ్ళేమో ఉద్యోగాలున్నవాళ్ళు, పెళ్ళిళ్ళయినవాళ్ళు, సాయంత్రం ఊరు చూడ్డానికి సరదాగా బయటికి వెళ్ళేవాళ్ళు. ఆ తేడా నకమురాకు గుచ్చుకుంది. మరుసటి ఏడాదే బెప్పు ఊళ్ళో సూర్యగృహం అని అర్థం వచ్చే పేరుతో ఒక పని కేంద్రం పెట్టాడు. దాని నినాదం మాకు చాలా దగ్గరగా తోస్తుంది: దానం వద్దు, అవకాశం కావాలి. తర్వాత ఓమ్రాన్, సోనీ, హోండా లాంటి కంపెనీలు దానితో కలిసి కార్ఖానాలు పెట్టాయి. ఉద్యోగాల్లో వికలాంగులకు ఇంత వాటా ఇవ్వాలని 1976లో చట్టం తప్పనిసరి చేసింది. 2024 ఏప్రిల్‌లో ప్రైవేటు కంపెనీల్లో అది 2.5 శాతానికి పెరిగింది. సతోమి కూడా ఒక పెద్ద టెలిఫోన్ సంస్థకు చెందిన గ్రూపులో ఉద్యోగి. నెల జీతం చేతికి వస్తూ ఉండగానే ఆడుతుంది. 1964 ఒలింపిక్స్ కోసం కట్టిన యోయోగి భవనంలోనే 2021లో ఆమె స్వర్ణాలు గెలిచింది.

ఇది చెప్పి జపాన్‌ను స్వర్గంగా చూపించే ఉద్దేశం మాకు లేదు. సతోమికి ప్రమాదం జరిగిన రెండు నెలలకు, 2016 జూలై 26న, సగమిహర ఊళ్ళో ఒక వికలాంగుల వసతి గృహంలోకి, అక్కడ ఒకప్పుడు పనిచేసిన వాడే కత్తులతో చొరబడి 19 మందిని చంపాడు. ఇలాంటివాళ్ళు బతకనక్కర లేదన్నది వాడి వాదన. అది ఒక్క పిచ్చివాడి మాట అని కొట్టేయలేం. 1948 నుంచి 1996 దాకా ఆ దేశ చట్టమే ఇలాంటివాళ్ళు పుట్టనక్కర లేదని చెప్పి, దాదాపు 25 వేల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించింది. అందులో ఎక్కువ భాగం ఇష్టం లేకుండా చేసినవే. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది 2024 జూలై 3న. రెండు నెలల తర్వాత సతోమి పారిస్‌లో స్వర్ణం గెలిచింది. ఒకే దేశం, ఒకే వేసవి. కోర్టు మెట్ల మీద గెలిచిన ముసలివాళ్ళనూ పారిస్‌లో గెలిచిన అమ్మాయినీ పక్క పక్కన పెట్టి చూస్తేనే ఆ దేశం మనకు సరిగ్గా అర్థమవుతుంది.

జపాన్ డబ్బున్న దేశం, మనతో పోలికేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. సరే. అయితే సుజిరత్ పుక్కం ఎక్కడి నుంచి వచ్చింది? థాయ్‌లాండ్ జపాన్ కాదు. పారిస్‌లో కుర్చీ కత్తిసాములో మూడు స్వర్ణాలు గెలిచిన సైసునీ జనా కూడా ఆ దేశపు మనిషే. డబ్బు లేదన్నది సగం నిజం. మన దగ్గర స్టేడియాలు కట్టడానికి డబ్బుంది. వాటి ముందు పదిహేను మెట్లు కట్టడానికి కూడా ఉంది.

మనకు తెలియదన్నదీ నిజం కాదు. ఇంగ్లండు దాకా వెళ్ళనక్కర లేదు, వెల్లూరు చాలు. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి, కోలారు నుంచి మనవాళ్ళు తరతరాలుగా వెళ్ళే ఆసుపత్రి అది. అక్కడ పనిచేసే డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము తెగి కాళ్ళు పడిపోయాయి. ఆమె కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. అమెరికా వెళ్ళి పునరావాస వైద్యం చదివి వచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టింది. 1966లో అక్కడ ప్రత్యేక పునరావాస కేంద్రం తెరిచారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. సతోమి పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే, వెన్నుపాము తెగిన మనిషికి ఏం చేయాలో మన పక్కనే తెలుసు. దాన్ని ప్రతి జిల్లా ఆసుపత్రికీ తీసుకురాకపోవడం తెలియక జరిగింది కాదు.

చట్టం కూడా ఉంది. సతోమి ఆసుపత్రిలో ఉన్న 2016లోనే, డిసెంబరులో, మన పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసింది. ఆటల్లో సమాన అవకాశం అందులో ఒక హక్కు. ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలో అందరూ వెళ్ళగలిగేలా మార్చాలని రాశారు. ఆ గడువు 2022లో అయిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను తప్పుపట్టింది. సలహాలు ఇస్తే చాలదు, తప్పక పాటించాల్సిన కొలతలు మూడు నెలల్లో తయారు చేయమంది. ఈలోగా ప్రభుత్వం మనకు చేసిన పెద్ద ఉపకారం పేరు మార్చడం. వికలాంగులను దివ్యాంగులు అనమన్నారు. మాకు తెలిసిన వికలాంగ మిత్రులు చాలామందికి ఆ మాట నచ్చదు, అందుకే మేమూ వాడం. దివ్యమైన అంగాలు ఉన్నవాళ్ళకు ర్యాంపు ఎందుకులే అనుకున్నారో ఏమో.

మన వాకిలి కూడా చూసుకోవాలి. మన మందిరాలు చాలావాటికి ఎత్తయిన మెట్లున్నాయి. కుర్చీలో వచ్చిన మనిషిని నలుగురు ఎత్తుకుని లోపలికి తేవడం మనకు ప్రేమగా కనిపిస్తుంది. ఆ ఎత్తబడే మనిషికి అది ఎలా ఉంటుందో అడిగారా? మాలో ఒక అక్క చెప్పింది: తనను ఎత్తుకునేవాళ్ళ మంచితనం తనకు తెలుసు, అయినా ప్రతి ఆదివారం అందరి ముందు బియ్యం మూటలా లోపలికి రావడం ఇష్టం లేక రెండేళ్ళుగా ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటోంది. ఆ మందిరానికి కావలసింది ఒక లోడు ఇసుక, పది బస్తాల సిమెంటు, రెండు రోజుల కూలి.

2028లో లాస్ ఏంజెలెస్‌లో మళ్ళీ పారాలింపిక్స్. అక్కడికి కుర్చీలో ఆడే భారతీయులు ఎవరైనా వెళ్ళాలంటే ఇప్పటికే ఎక్కడో సాధన చేస్తూ ఉండాలి. ఆ తర్వాతి వాటికి వెళ్ళాల్సిన పిల్ల ఇప్పుడు ఏదో ఒక ఆసుపత్రి మంచం మీద ఉండి ఉంటుంది, హోసూరులోనో, రాయగడలోనో, గంగావతిలోనో. అందుకని పాఠకులను ఒక పని అడుగుతున్నాం. మీ ఊళ్ళో ఇండోర్ స్టేడియం గానీ, కాలేజీ బ్యాడ్మింటన్ హాలు గానీ ఉంటే ఒక టేపు పట్టుకుని వెళ్ళండి. ముఖద్వారానికి ఎన్ని మెట్లు, పక్కన ర్యాంపు ఉందా, ఉంటే దాన్ని కుర్చీలో ఎవరి సాయం లేకుండా ఎక్కగలరా, లేక అది సిమెంటు జారుడు బల్లా? హాలు తలుపు వెడల్పు ఎంత? మరుగుదొడ్డి తలుపు 90 సెంటీమీటర్లు ఉందా, లోపల కుర్చీ తిరుగుతుందా, పట్టుకోవడానికి కమ్మీ ఉందా? ఆడవాళ్ళది విడిగా కొలవండి. వీలైతే కుర్చీలో తిరిగే ఒకరిని వెంట తీసుకెళ్ళండి, వాళ్ళు చూసినంత మనం చూడలేం. కొలతలు, ఊరి పేరు, జిల్లా పేరు రాసి మాకు పంపండి. జిల్లాల వారీగా వాటిని కలిపి, చట్టంలోని సెక్షన్లతో సహా, ఆయా రాష్ట్రాల వికలాంగుల కమిషనర్లకు అర్జీలుగా మేము పెడతాం.